నల్లజాతి పేటల్లో షుగరు వ్యాధి: ఇరుగుపొరుగువారే నడిపే కార్యక్రమాలకు ఫలితం ఉంటోందా?

చెరువుగట్టు (డెట్రాయిట్ శివారు) | ఆదివారం ఉదయం 10:15

సభ్యులందరికీ నమస్కారం. నేను పద్ధెనిమిదేళ్లుగా డెట్రాయిట్ శివారులో ఉంటున్నా, నగరం లోపలికి పెద్దగా వెళ్లినవాణ్ణి కాను. నిరుటి నుంచి మాత్రం నెలకు రెండు శనివారాలు నగరం తూర్పువైపున ఉన్న ఒక చర్చిలో కూరగాయలు పంచే పనికి వెళుతున్నాను. అక్కడికి వచ్చే పెద్దవాళ్లు తమ జబ్బును డయాబెటిస్ అనడం చాలా అరుదు. 'నాకు షుగర్ ఉంది', 'మా అమ్మకూ షుగరే, అమ్మమ్మకూ షుగరే' అంటారు. తణుకులో మా అమ్మ వాడే మాట కూడా ఇదే కావడంతో, మొదటిసారి విన్నప్పుడు చేతిలోని సంచి కింద పెట్టి చాలాసేపు వాళ్లతో మాట్లాడుతూ నిలబడిపోయాను.

ఆ చర్చి వంటగదిలో ప్రతి మంగళవారం సాయంత్రం షుగరు ఉన్నవాళ్లు పదిహేనుమంది దాకా చేరతారు. పాఠం చెప్పేది డాక్టరు కాదు, నర్సు కూడా కాదు. సిటీ బస్సు నడిపి రిటైరైన, చాలా ఏళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్న, అదే వీధిలో ఉండే ఒక పెద్దావిడ. ఎవరైనా రెండు వారాలు రాకపోతే ఆవిడే వాళ్లింటి తలుపు తడుతుంది.

మా తెలుగు సంఘం ఈ ఏడాది సేవానిధి నుంచి కొంత మొత్తాన్ని ఈ పేటకు ఇవ్వాలనుకుంటోంది. ఒక రోజు ఉచిత శిబిరం పెట్టి, రక్తపరీక్షలు చేయించి, బ్యానరు ముందు ఫొటోలు దిగుదామని కార్యవర్గంలో ఎక్కువమంది అంటున్నారు. ఆ మంగళవారం తరగతికే ఇవ్వాలని నాకుంది గానీ, రుజువు చూపించమంటున్నారు. ఈ రంగం తెలిసిన సభ్యులు దయచేసి చెప్పండి. ఇంకొక విషయం. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2020 నివేదిక ప్రకారం, డాక్టర్లు నిర్ధారించిన మధుమేహం శ్వేతజాతి వయోజనుల్లో 7.5 శాతం, నల్లజాతి వయోజనుల్లో 11.7 శాతం ఉంటే, ఇక్కడి భారతీయుల్లో 12.6 శాతం ఉంది. కనుక మనం దాతల కుర్చీలో కూర్చుని మాట్లాడటానికి వీల్లేదని నా ఉద్దేశం.

స్టెతస్కోపు (మిసిసిపీ) | ఆదివారం మధ్యాహ్నం 1:40

చెరువుగట్టు గారూ, మీరు అడుగుతున్న రుజువు మీ నగరంలోనే ఉంది. నేను రెసిడెన్సీ చేసింది డెట్రాయిట్‌లో. ఆ తరువాత, డాక్టర్లు తక్కువగా ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలన్న వీసా నిబంధన మీద మిసిసిపీ డెల్టాకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. మన తెలుగు డాక్టర్లలో ఇలా వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు.

జాతుల మధ్య ఆరోగ్యంలో ఉన్న అంతరాలను తగ్గించడానికి సీడీసీ 1999లో 'రీచ్' అనే పథకం కింద నిధులివ్వడం మొదలుపెట్టింది. డెట్రాయిట్ తూర్పున ఉన్న నల్లజాతి పేటలు, నైరుతిన ఉన్న లాటినో పేటలు, మిషిగన్ విశ్వవిద్యాలయం, హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి వ్యవస్థ, చాస్ అనే సామాజిక ఆరోగ్య కేంద్రం కలిసి 'రీచ్ డెట్రాయిట్' భాగస్వామ్యంగా ఏర్పడ్డాయి. అందులో ముఖ్యమైన పాత్ర సామాజిక ఆరోగ్య కార్యకర్తది. ఆమె ఆ పేట మనిషే. ఆమెకు శిక్షణ ఇచ్చారు, జీతమిచ్చారు. ఆమె తరగతులు నడిపేది, నెలకు రెండుసార్లు ఇంటికి వెళ్లేది, ఒకసారి రోగి వెంట డాక్టరు గదిలోకి కూడా వచ్చేది. ఈ పద్ధతిని 164 మందితో, సగం మందికి వెంటనే, మిగతావారికి ఆరు నెలల తరువాత మొదలుపెట్టి పరీక్షించారు. ముందు మొదలైనవారిలో హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల షుగరు స్థాయిని చూపే రక్తపరీక్ష అంకె, సగటున ఆరు నెలల్లో 8.6 నుంచి 7.8కి దిగింది. ఎదురుచూస్తున్నవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. చాలా రకాల షుగరు మాత్రలు ఒక్కొక్కటీ తెచ్చే తగ్గుదల కూడా దాదాపు ఇంతే ఉంటుంది.

ఆమె డాక్టరు గదిలోకి రావడం వల్ల ఏమవుతుందో నా అనుభవంతో చెబుతాను. రెసిడెంటుగా ఉన్నప్పుడు ఒక పెద్దాయనకు మూడు నెలలపాటు ఇన్సులిన్ మోతాదు పెంచుకుంటూ పోయాను, షుగరు మాత్రం దిగలేదు. నాలుగోసారి ఆయన వెంట ఇలాంటి కార్యకర్త ఒకామె వచ్చింది. ఆయన నెలకు రావలసిన మందును రెండు నెలలు లాగుతున్నాడని, ఆ మాట నాతో చెప్పడానికి సిగ్గుపడుతున్నాడని ఆమె చెప్పింది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. చీటీ మీద అంకె మాత్రం పెరుగుతూ పోయింది.

సూటిమాట (డల్లాస్) | ఆదివారం రాత్రి 8:05

ఎవరినీ నొప్పించే ఉద్దేశంతో రాయడం లేదు. అయినా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. వేయించిన కోడి, మాకరోనీ చీజ్, గ్లాసుకు నాలుగైదు చెంచాల పంచదార పోసిన చల్లటి టీ మానమని చెప్పడానికి జీతమిచ్చి మనిషిని పెట్టాలా? కాకినాడలో మా నాన్నగారు షుగరు అని తెలిసిన రోజు నుంచి రాత్రి అన్నం మానేసి పుల్కాలు తిన్నారు, రోజూ గంట నడిచారు. డెబ్బై ఆరేళ్ల వయసులో ఇప్పటికీ ఒక్క మాత్రతో సరిపెట్టుకుంటున్నారు. ఆయన ఇంటికి ఏ కార్యకర్తా రాలేదు. సంకల్పం లేనిచోట పథకాలు ఎన్ని పెట్టినా దండగే కదా.

గోంగూరమ్మ (షికాగో) | సోమవారం ఉదయం 6:50

సూటిమాట గారూ, మీ నాన్నగారిని తలుచుకుంటే నాకు గౌరవమే కలుగుతోంది. అయితే ఆ పుల్కాలు కాల్చింది ఎవరు? ఆయన పొద్దున్నే నడిచిన దారిలో తుపాకి చప్పుడు ఎప్పుడైనా వినిపించిందా? ఇంటి ముందుకు ఆకుకూరల బండి వచ్చేదా, రాలేదా? నేను ఆహార నిపుణురాలిని, షికాగో దక్షిణ భాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. సంకల్పానికి ఇక్కడ కరువు లేదు. రెండు బస్సులు మారి, మోకాళ్ల నొప్పులతో తరగతికి వచ్చే ఆడవాళ్లను రోజూ చూస్తున్నాను.

మనిషి మారకపోయినా చోటు మారితే ఏమవుతుందో తెలుసుకునే అవకాశం ఒకసారి వచ్చింది. 1994 నుంచి 1998 మధ్య బాల్టిమోర్, బోస్టన్, షికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్ నగరాల్లో నిరుపేద పేటల ప్రభుత్వ గృహాల్లో ఉంటున్న 4,498 మంది తల్లులకు ఒక లాటరీ తీశారు. పేరు వచ్చినవారిలో కొందరికి, పేదరికం తక్కువున్న పేటలకు మారితేనే చెల్లే అద్దె సాయం ఇచ్చారు. పది, పదిహేనేళ్ల తరువాత రక్తపరీక్షలు చేసి చూస్తే, ఆ అవకాశం దక్కినవారిలో తీవ్ర స్థూలకాయమూ షుగరూ మిగతావారికంటే స్పష్టంగా తక్కువగా ఉన్నాయి. 2011లో ఈ ఫలితం వెలువడింది. వాళ్లకు ఎవరూ వంట పాఠం చెప్పలేదు, నడవమనీ చెప్పలేదు.

ఈ పేటలు ఇలా ఎందుకున్నాయంటే, 1930లలో ప్రభుత్వ గృహరుణ సంస్థ నగరాల పటాల్లో నల్లజాతివారున్న ప్రాంతాలకు ఎర్రరంగు వేసి, అక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదమని గుర్తు పెట్టింది. అప్పు పుట్టని చోట ఇల్లు, దుకాణం, బ్యాంకు ఏవీ నిలవవు. తరువాతి దశాబ్దాల్లో డబ్బున్నవాళ్ల వెనకే పెద్ద దుకాణాలూ శివార్లకు వెళ్లిపోయాయి.

ఇక తిండి సంగతి. మీరు చెప్పిన జాబితా పండగలకూ ఆదివారాలకూ సరిపోతుంది, కానీ ఆ వంటింట్లో అది సగమే. కొలార్డ్ ఆకుకూర, బొబ్బర్లు, బెండకాయ, చిలగడదుంప కూడా వాళ్ల తాతల నాటి తిండే. బొబ్బర్లు ఆఫ్రికాలో పుట్టి వాళ్ల వంటింటికీ మన వంటింటికీ చేరాయి. నా పేరు చూసి నవ్వకండి, ఎర్ర గోంగూర జాతి మొక్కా ఆఫ్రికాదే. పశ్చిమాఫ్రికాలో దాని పూల ఎర్రటి రక్షకపత్రాలను నానబెట్టి పానీయం చేస్తారు. ఇక్కడ జూన్ 19 విమోచన పండగనాడు తాగే ఎర్రటి పానీయం ఆ ఆనవాయితీ నుంచే వచ్చిందంటారు, ఇప్పుడది చాలా ఇళ్లలో రంగు కలిపిన పంచదార నీళ్లుగా మారిపోయింది. నా తరగతిలో ఎండిన ఆ పూలనే తెచ్చి, పంచదార లేకుండా, నారింజ తొక్క వేసి కాచి ఇస్తాను. కొలార్డ్ ఆకులో పొగబెట్టిన పంది మాంసం ముక్క బదులు పొగబెట్టిన టర్కీ కోడి వేసి ఉప్పు తగ్గిస్తాం. 'మీ తిండి చెడ్డది' అని మొదలుపెట్టిన తరగతికి రెండోవారం ఎవరూ రారు. నేను కొత్తలో చేసిన తప్పు అదే, కనుక గట్టిగా చెప్పగలను.

మా దగ్గర షికాగో విశ్వవిద్యాలయ వైద్యులు మోనికా పీక్, మార్షల్ చిన్ నడిపిన దక్షిణ షికాగో కార్యక్రమంలో ఆరు క్లినిక్‌లు కలిశాయి. డాక్టరు మందుల చీటీలాగే ఆహారపు చీటీ రాసేవాడు. దాన్ని వాల్‌గ్రీన్స్ మందుల దుకాణంలోనో, 61వ వీధి రైతుబజారులోనో చూపిస్తే తగ్గింపు దొరికేది. డాక్టరు సంతకం పెట్టిన కాగితానికి ఆ పెద్దవాళ్లు ఇచ్చే విలువ ఏ కరపత్రానికీ ఇవ్వరు.

బంకు బాబాయి (జార్జియా) | సోమవారం మధ్యాహ్నం 3:20

నేను వైద్యం తెలిసినవాణ్ణి కాదు. దక్షిణ జార్జియాలో నల్లజాతివారు ఎక్కువగా ఉండే ఒక చిన్న ఊళ్లో పెట్రోలు బంకు, దానికి ఆనుకుని దుకాణం పదమూడేళ్లుగా నడుపుతున్నాను. గోంగూరమ్మ గారు దుకాణాలు వెళ్లిపోయాయని రాశారు, మిగిలిన దుకాణం నాలాంటివాడిదే. కనుక నా వైపు లెక్క కూడా చెప్పాలి.

నా దుకాణంలో తలుపు తీయగానే కనిపించే ఫ్రిజ్‌లు నేను కొన్నవి కావు. శీతల పానీయాల కంపెనీవాళ్లు ఉచితంగా పెట్టి, వాటిలో తమ సీసాలే ఉండాలని షరతు పెట్టారు. చిప్స్ కంపెనీ మనిషి వారం వారం వచ్చి అరలు తనే సర్దిపోతాడు, అమ్ముడుపోనివి తనే వెనక్కి తీసుకుంటాడు. ఆకుకూరలు తెచ్చే టోకు వర్తకుడు మాత్రం ఒక మొత్తానికి తక్కువైతే లారీ ఆపడు, వాడిపోయిన కట్టలు నా నెత్తినే. పైగా రోజూ కాస్త కొళాయి నీళ్లు చల్లి చూసుకునే మనిషి కావాలి. నేను మంచివాణ్ణో చెడ్డవాణ్ణో కాదు, ఏది పెడితే నష్టం రాదో అది పెట్టాను. అయినా పొద్దున్నే పిల్లలు బడికి వెళుతూ రంగు నీళ్లు కొనుక్కుంటుంటే, మా ఇంట్లో మా మనవడికి అది తాగనివ్వననే సంగతి గుర్తొచ్చేది.

నాలుగేళ్ల కిందట దగ్గరి చర్చి నుంచి ముగ్గురు పెద్దావిడలు వచ్చి, 'నువ్వు కూరగాయలు పెడితే ఎవరు కొంటారో మేము చూసుకుంటాం' అన్నారు. చర్చి తన ఆదివారం వంటకు కావలసిన సరుకును నా ఆర్డరుతో కలిపింది, దాంతో లారీ ఆగే మొత్తానికి చేరాం. ముందు త్వరగా పాడవని ఉల్లి, చిలగడదుంప, క్యాబేజీ, గుడ్లు, అరటిపళ్లతో మొదలుపెట్టి, ఆ తరువాత కొలార్డ్ కట్టలు తెచ్చాం. లాభం స్వల్పమే గాని నష్టం లేదు. మీ డెట్రాయిట్‌లో 2009లో మొదలైన 'డబుల్ అప్ ఫుడ్ బక్స్' లాంటిది, అంటే ఆహార సాయపు కార్డుతో పళ్లూ కూరగాయలూ కొంటే అంతే విలువకు మరికొన్ని ఉచితంగా ఇచ్చే పద్ధతి, నా వంటి చిన్న దుకాణానికి అందితే ఇంకా పెట్టగలను. కాగితాల పని మాత్రం తగ్గించాలి.

అంకెలు_ఆసక్తి (బోస్టన్) | సోమవారం రాత్రి 9:30

బాబాయి గారి పోస్టు ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చినవాటన్నిటికంటే విలువైనది. నా వృత్తి వైద్య గణాంకాలు కనుక, ఉత్సాహం మరీ ఎక్కువ కాకుండా కొన్ని సంగతులు చెబుతాను.

షుగరు రాకుండా ఆపగలమన్నదానికి గట్టి ఆధారం 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ ప్రయోగం. షుగరు అంచున ఉన్న 3,234 మందిలో, ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో జబ్బు రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతం. అన్ని జాతులవారిలోనూ ఫలితం దాదాపు ఒకేలా ఉంది, అయితే నల్లజాతి స్త్రీలు మిగతావారికంటే తక్కువ బరువు తగ్గారు. ఒక్కొక్కరికీ ఒక శిక్షకుణ్ణి పెట్టిన ఖరీదైన పద్ధతి కనుక దాన్ని పేటకు దించడం ఎలాగన్నది తరువాతి ప్రశ్న. ఇండియానాపోలిస్‌లో వైఎంసీఏ సిబ్బందితో 92 మందికి బృందాలుగా చెప్పిస్తే, కొన్ని నెలల్లో ఆరు శాతం బరువు తగ్గారు, పోల్చిన బృందం రెండు శాతం తగ్గింది. 2010లో దేశవ్యాప్త కార్యక్రమానికి చట్టం వచ్చింది, 2018 ఏప్రిల్ నుంచి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ చెల్లిస్తోంది.

జార్జియాలోని అగస్టాలో ఈ పాఠాలనే నల్లజాతి చర్చిలకు తగ్గట్టు మార్చి 20 చర్చిల్లో, 604 మందితో పరీక్షించారు. పాఠం చెప్పినవారు చర్చి సభ్యులే. మామూలు ఆరోగ్య పాఠాలు విన్న చర్చిలకంటే ఎక్కువ బరువు తగ్గారన్నది నిజమే, అయితే ఆ తగ్గుదల కొద్దిపాటిదే. చర్చిలో పెట్టినంత మాత్రాన అద్భుతం జరుగుతుందని మీ కార్యవర్గానికి చెప్పకండి.

దుకాణం తెరవడమే మందు అన్నవాళ్లు పిట్స్‌బర్గ్ హిల్ డిస్ట్రిక్ట్‌ను చూడాలి. పెద్ద దుకాణం లేని ఆ పేటలో దశాబ్దాల పోరాటం తరువాత 2013లో ఒకటి తెరిచారు. పరిశోధకులు చూస్తే పేటవారి తిండి కాస్త మెరుగుపడింది గాని, అక్కడ ఎక్కువగా కొన్నవారికి, కొననివారికి తేడా కనిపించలేదు. 2019లో ఆ దుకాణం మూతపడింది.

నాకు బాగా నచ్చిన ప్రయోగం ఫిలడెల్ఫియాది. షుగరు అదుపులో లేని 118 మంది నల్లజాతి మాజీ సైనికులను మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు వైద్యమే. రెండో భాగానికి షుగరు తగ్గిస్తే వంద నుంచి రెండు వందల డాలర్ల బహుమతి. మూడో భాగానికి, ఒకప్పుడు తమలాగే అదుపు తప్పి ఇప్పుడు అదుపులోకి తెచ్చుకున్న మరో మాజీ సైనికుడు వారం వారం ఫోను చేసి మాట్లాడాలి. ఆరు నెలలకు హెచ్‌బీఏ1సీలో మొదటి భాగం 9.9 నుంచి 9.8కి, బహుమతివారు 9.5 నుంచి 9.1కి, ఫోను అందుకున్నవారు 9.8 నుంచి 8.7కి వచ్చారు. ఫోను చేసిన మనిషికి ఇచ్చింది నెలకు ఇరవై డాలర్లు. సంకల్పం కావాలన్న సూటిమాట గారి మాట తప్పు కాదు, కానీ అది ఎక్కడి నుంచి వస్తుందన్నదానికి జవాబు ఇందులో కొంత ఉంది.

స్టెతస్కోపు (మిసిసిపీ) | మంగళవారం ఉదయం 5:55

డ్యూటీకి వెళ్లే ముందు శిబిరం సంగతి రాస్తాను. పరీక్ష చేయడం తప్పు కాదు, ఆ తరువాత ఎవరు పట్టించుకుంటారన్నదే ప్రశ్న. బ్రూక్లిన్‌లో ఎనిమిది క్షౌరశాలల్లో నల్లజాతి పురుషులను కుర్చీలోనే పరీక్షించారు. సుమారు తొమ్మిది వందల మందిని అడిగితే పరీక్ష పూర్తయింది 290 మందికే. వారిలో 26 మందికి, అంటే తొమ్మిది శాతం మందికి, తమకు తెలియకుండానే షుగరు స్థాయి ఉంది. నమ్మకమున్న మంగలి చెప్పినా మూడింట రెండు వంతులమంది చేయి చాపలేదంటే, ముక్కూమొహం తెలియని మన శిబిరానికి ఎంతమంది వస్తారో ఊహించండి. టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతివారికి వైద్యమే ఇవ్వకుండా ప్రభుత్వ వైద్యులు గమనిస్తూ కూర్చున్న చరిత్రను ఈ ప్రాంతాల్లో ఎవరూ మరిచిపోలేదు.

పరీక్షలోనే ఒక చిక్కు ఉంది. ఎర్ర రక్తకణాలను కొడవలి ఆకారంలోకి మార్చే సికిల్ సెల్ జన్యువు ఒక కాపీ ఉన్నవారిలో రక్తంలో చక్కెర అంతే ఉన్నా, హెచ్‌బీఏ1సీ సుమారు 0.3 తక్కువగా కనిపిస్తుందని 2017లో తేలింది. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్నవారిలో ఆ తేడా ఇంకా పెద్దది. నల్లజాతి అమెరికన్లలో ఈ రెండూ అరుదైనవి కావు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో పనిచేసే వైద్యులు కూడా ఇది గుర్తుంచుకోవాలి. కనుక ఒక్క అంకె చూసి 'మీకేమీ లేదు' అని చీటీ ఇచ్చి పంపడం ప్రమాదం.

నేను ఇక్కడ రోజూ చూసేది పాదాలు. చిన్న పుండు, తిమ్మిరి వల్ల నొప్పి తెలియదు, ఆరు వారాల తరువాత కాలివేలు తీసేయాలి, ఆ తరువాత కాలు. దక్షిణ కరొలైనాలో చార్ల్స్‌టన్, జార్జ్‌టౌన్ కౌంటీల సమాఖ్య కూడా 'రీచ్' నిధులతోనే నర్సింగ్ కళాశాల, పేటల పెద్దలు కలిసి నడిపినది. పాదాలు, కళ్లు, మూత్రపిండాల పరీక్షల్లో నల్లజాతివారికీ మిగతావారికీ ఉన్న అంతరాన్ని అక్కడ దాదాపు పూడ్చారు. నల్లజాతి పురుషుల్లో కాళ్ల తొలగింపులూ తగ్గాయి.

ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. నా క్లినిక్‌కు దగ్గర్లోని మౌండ్ బాయూ, బానిసత్వం నుంచి బయటపడ్డవారు 1887లో కట్టుకున్న ఊరు. అక్కడ 1967లో తెరిచిన డెల్టా ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ జాక్ గైగర్, ఆయన సహచరులు ఆకలితో ఉన్న పిల్లలకు మందుల చీటీ మీదే పాలు, కూరగాయలు, మాంసం రాసి, కిరాణా బిల్లును కేంద్రపు ఔషధాల పద్దులో వేశారు. పైనుంచి అభ్యంతరం వస్తే, పోషణలేమికి మందు తిండేనని జవాబిచ్చారు. పక్కనే రైతుల సహకార సంఘం పొలంలో కూరగాయలు పండించారు. గోంగూరమ్మ గారి ఆహారపు చీటీకి తాత అదే.

అనకాపల్లి_బెల్లం (విశాఖపట్నం) | మంగళవారం ఉదయం 9:10

మారుపేరు చూసి షుగరు చర్చలోకి రానివ్వరేమోనని సంకోచించాను. ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను. స్టెతస్కోపు గారు చెప్పిన డెట్రాయిట్ కార్యకర్తలో నాకు మా ఆశాలే కనిపించారు. మా దగ్గర వారి గౌరవ వేతనం 2019లో నెలకు పదివేల రూపాయలకు పెరిగింది, అయినా దాన్ని వేతనం అనకుండా గౌరవం అనే పదం ముందు తగిలించడమే వారి ఫిర్యాదు. పొరుగింటి ఆడమనిషి సేవను ఉచితమనుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్న అలవాటే. అమెరికాలో నిధుల కాలం ముగిశాక ఆ కార్యకర్తల జీతం ఎవరిస్తారు?

అంకెలు_ఆసక్తి (బోస్టన్) | మంగళవారం సాయంత్రం 6:25

అసలు ప్రశ్న అదే. చాలాచోట్ల నిధులు మూడు, నాలుగు, ఐదేళ్లకు వస్తాయి. ఆ తరువాత పరిశోధకులకు పత్రాలు మిగులుతాయి, పేటకు ఖాళీ గది మిగులుతుంది. ఈ మధ్య కొంత మార్పు వచ్చింది. మిషిగన్‌లో 2024 జనవరి నుంచి పేదల ప్రభుత్వ బీమా మెడికెయిడ్, సామాజిక ఆరోగ్య కార్యకర్తల సేవకు చెల్లిస్తోంది. అదే నెల నుంచి మెడికేర్‌లోనూ అలాంటి సేవకు డాక్టరు ఆధ్వర్యంలో బిల్లు వేసే వీలు వచ్చింది. అయితే బిల్లు వేయాలంటే ఒక క్లినిక్ లేదా నమోదైన సంస్థ కావాలి. చర్చి వంటగదిలో కూర్చున్న బస్సు డ్రైవరుగారికి ఆ డబ్బు నేరుగా చేరదు. మీ సంఘం పూడ్చగల ఖాళీ అక్కడ ఉందేమో చూడండి.

సూటిమాట (డల్లాస్) | మంగళవారం రాత్రి 10:40

నిన్న రాత్రి నాన్నగారితో మాట్లాడాను. నడకకు రోజూ ఎవరితో వెళ్లేవారని అడిగితే, వీధిలోని ఆరుగురు రిటైరైన మాస్టర్ల పేర్లు చెప్పి, ఒక్కరోజు ఎగ్గొడితే ఇంటికి వచ్చి లేపేవారని నవ్వారు. ఈ సంగతి ఇన్నేళ్లలో నేను అడగలేదు. నా మొదటి పోస్టులోని చివరి వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. సొంత ప్రయత్నం అక్కరలేదన్నట్టు ఎవరైనా రాస్తే మాత్రం మళ్లీ అభ్యంతరం చెబుతాను.

చెరువుగట్టు (డెట్రాయిట్ శివారు) | శనివారం రాత్రి 9:00

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను కార్యవర్గానికి చదివి వినిపించే ముందు ఆ పెద్దావిడనే అడగాలనిపించింది. 'మేము ఏమిస్తే మీకు ఉపయోగం?' అన్నాను. చాలామంది వచ్చి ఏమి ఇస్తారో చెప్పి వెళ్లారని, ఏమి కావాలని అడిగినవాళ్లు తక్కువని అంది. ఆమె చెప్పినవి మూడే. క్లినిక్‌కు వెళ్లలేనివారిని తన కారులోనే తీసుకెళుతోంది కనుక పెట్రోలు ఖర్చు, ఫోను బిల్లు, తనకు సాయంగా పేటలో మరో ఇద్దరిని తయారు చేయడానికి వాళ్లకు గంటల లెక్కన చెల్లింపు. తనకోసం అడగలేదు. నేను ఆమె పేరు కూడా చేర్చాను.

కార్యవర్గంలో వాదన రెండు గంటలు సాగింది. చివరికి ఆ ముగ్గురికి ఒక ఏడాదిపాటు చెల్లించడానికి ఒప్పుకున్నారు, ఆ తరువాతి ఏడాది సంగతి తేల్చలేదు. ఈలోగా ఒక క్లినిక్ ద్వారా మెడికెయిడ్ చెల్లింపు వచ్చే దారి వెతకాలని అంకెలు_ఆసక్తి గారి సూచనను తీర్మానంలో రాయించాను. శిబిరం కూడా ఉంటుంది, కానీ మంగళవారం తరగతి సమయంలోనే, చర్చిలోనే. షుగరు బయటపడ్డ ప్రతి ఒక్కరూ ఆ రోజే పెద్దావిడ పుస్తకంలో పేరు రాయించుకునే వెళతారు. బ్యానరు ఉండదు. ఫొటోలు వద్దని చర్చివారే అన్నారు.

మా దగ్గర ఎంతమందికి షుగరు ఉందని ఆమె అడిగింది. లెక్క చెప్పాను. 'అయితే వాళ్లను కూడా తీసుకురా' అంది. వచ్చే మంగళవారం మా సంఘం నుంచి ముగ్గురం వెళుతున్నాం, మా ఆవిడ బొబ్బర్ల కూర వండి తెస్తానంది.

స్టెతస్కోపు గారూ, పాదాల స్పర్శ చూసే నైలాన్ దారం ఎక్కడ దొరుకుతుంది? పెద్దావిడ దాని గురించి అడిగింది.

స్టెతస్కోపు (మిసిసిపీ) | ఆదివారం ఉదయం 5:30

పది గ్రాముల మోనోఫిలమెంట్ అని అడగాలి. కొనకండి, నా దగ్గర నుంచి ఇరవై పంపిస్తాను, చిరునామా విడిగా సందేశంలో ఇవ్వండి. దారం వంగేదాకా నొక్కాలి, రోగి కళ్లు మూసుకోవాలి, రెండు పాదాలూ చూడాలి. సాక్సులు విప్పడానికి సిగ్గుపడతారు, ముందు పెద్దావిడనే విప్పమనండి.